మీ ఊరి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యేనా? ఆరంకెల సంఖ్యను చేత్తో పరీక్షించడం ఎలా

ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. కానీ 97 దాటిన తరువాత అలాంటి సంఖ్యను స్వయంగా వెతికి పట్టుకున్నవారు మనలో తక్కువ. ఈ వ్యాసం చదివిన తరువాత మీరు ఒక ఆరంకెల సంఖ్యను తీసుకుని, అది ప్రధాన సంఖ్యో సంయుక్త సంఖ్యో తేల్చి, ప్రధాన సంఖ్య అయితే దాని స్వభావాన్ని కూడా కొంత రాబట్టగలగాలి. ఉదాహరణల కోసం దూరం వెళ్లనవసరం లేదు. 1972 ఆగస్టు 15 నుంచి మన ఉత్తరాల మీద ఆరంకెల పిన్‌కోడ్ రాస్తున్నాం. గోదావరి డెల్టాలోనూ దాని అంచుల్లోనూ ఉన్న ఆరు ఊళ్ల పిన్‌కోడ్‌లను తీసుకుందాం: కాకినాడ 533001, రాజమహేంద్రవరం 533101, అమలాపురం 533201, ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101, భీమవరం 534201. ఆరూ 1తోనే ముగుస్తున్నాయి కనుక 2, 5 వీటిలో దేనినీ భాగించవు. చూపుతో తేలే విషయం అంతవరకే.

ముందుగా ఒక పొడుగు నోటుపుస్తకం, పెన్సిలు, దుకాణాల్లో బల్ల మీద ఉంచుకునే 12 అంకెల కాలిక్యులేటరు సిద్ధం చేసుకోండి. ఆరంకెల సంఖ్యను వర్గం చేస్తే 12 అంకెల వరకు వస్తాయి. ఎనిమిది అంకెల కాలిక్యులేటరు అక్కడ చేతులెత్తేస్తుంది. భాగహారం చేసిన ప్రతిసారీ శేషాన్ని పూర్ణసంఖ్యగా రాసుకోవాలి. 534101ని 61తో భాగిస్తే తెర మీద 8755.754… కనిపిస్తుంది. దశాంశ బిందువుకు ముందున్న 8755ను మళ్లీ 61తో గుణిస్తే 534055. దానిని 534101 నుంచి తీసివేస్తే 46. ఈ 46ను నోటుపుస్తకంలో రాయండి. భాగం పోలేదు కదా అని దీనిని వదిలేసేవారే ఎక్కువ. అలా వదిలేయకండి. ఈ పని మొత్తంలో విలువైన సరుకు ఆ శేషాలే అని ముందుకు వెళ్లేకొద్దీ మీకే కనిపిస్తుంది.

మొదట అంకెల మొత్తం చూడండి. కాకినాడ అంకెలను కూడితే 12, భీమవరం అంకెలను కూడితే 15. రెండూ 3తో భాగింపబడతాయి కనుక ఆ రెండు సంఖ్యలూ సంయుక్త సంఖ్యలే. వాటిని పక్కన పెట్టవచ్చు. మిగిలిన నాలుగింటికి అసలు పని మొదలవుతుంది.

ఎంతవరకు భాగించి చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒక సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాయగలిగితే, ఆ రెండూ దాని వర్గమూలం కంటే పెద్దవి కావడానికి వీలు లేదు. 731 వర్గం 534361. మన నాలుగు సంఖ్యలూ దానికంటే చిన్నవి. కాబట్టి వీటిలో ఏ సంఖ్యకు కారణాంకాలున్నా, వాటిలో చిన్నది 730 లోపలే దొరకాలి. పైగా భాజకాలుగా ప్రధాన సంఖ్యలు చాలు: 7 భాగించని సంఖ్యను 21 భాగించలేదు.

అందువల్ల 730 వరకు ఉన్న ప్రధాన సంఖ్యల పట్టిక కావాలి. ఎరటోస్తనీస్ జల్లెడతో దీనిని ఒక గంటలో తయారు చేసుకోవచ్చు. సంఖ్యలను వరుసకు ఆరు చొప్పున రాయండి. అప్పుడు 2, 3 మినహా ప్రధాన సంఖ్యలన్నీ మొదటి నిలువు వరుసలోనూ ఐదో నిలువు వరుసలోనూ మాత్రమే ఉంటాయి, మిగిలిన నాలుగు వరుసలను ఒక్క గీతతో కొట్టేయవచ్చు. ఆ తరువాత 5, 7, 11, 13, 17, 19, 23ల గుణిజాలను కొట్టేస్తే చాలు, ఎందుకంటే 29 వర్గం 841, అది మన హద్దు దాటిపోయింది. మిగిలినవి లెక్కపెట్టండి. 100 లోపల 25, మొత్తం మీద 129 ఉండాలి, చివరిది 727. లెక్క కుదరకపోతే ఎక్కడో ఒక గుణిజం మిగిలిపోయిందని అర్థం. దానిని సరిచేయకుండా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు రాజమహేంద్రవరం సంఖ్య 533101ని 7 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగిస్తూ, భాజకం ఎదురుగా శేషం రాస్తూ పోండి. 7కు 2, 13కు 10, 61కి 22, 241కి 9. వంద దాటి, రెండు వందలు దాటి, 257 వరకు ఏదీ భాగించదు. అక్కడ శేషం 83. ఈ దశలో ఇది ప్రధాన సంఖ్యేనన్న నమ్మకం మనసులో గట్టిపడుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు సరిగ్గా ఇక్కడే పెన్సిలు కింద పెట్టబోయాను. తరువాతి భాజకం 263. భాగిస్తే సరిగ్గా 2027 వస్తుంది, శేషం సున్నా. 533101 అంటే 263 × 2027. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. పట్టికలో 263 యాభై ఆరో సంఖ్య. యాభై అయిదు భాగహారాలు ఇవ్వని సమాచారాన్ని యాభై ఆరోది ఇచ్చింది. అందుచేత సగంలో ఆగి తీర్పు చెప్పకండి. ఇంటర్నెట్‌లో సమాచారానికి తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి (1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రూపొందించినది) ఆధారపడేది కూడా ఈ కష్టం మీదనే: 263ను 2027తో గుణించడం నిమిషం పని, ఆ లబ్ధం నుంచి తిరిగి 263ను వెలికి తీయడం ఒక సాయంత్రం పని. అక్కడ వాడే ప్రధాన సంఖ్యలకు మూడంకెలు కాదు, వందల అంకెలుంటాయి.

సున్నా దొరికినా ఆపకుండా ఈ శేషాల పట్టికను 727 వరకు పూర్తి చేయండి, ఎందుకంటే మిగిలిన మూడు ఊళ్ల లెక్క దీనితోనే తేలుతుంది. అమలాపురం సంఖ్య రాజమహేంద్రవరం సంఖ్య కంటే 100 ఎక్కువ. ఏలూరు 900 ఎక్కువ. తాడేపల్లిగూడెం 1000 ఎక్కువ. అంటే మళ్లీ ఆరంకెల సంఖ్యను భాగించనవసరం లేదు, పాత శేషానికి ఆ తేడాను కలిపి భాజకంతో భాగిస్తే కొత్త శేషం వస్తుంది. ఏలూరుకు 13 దగ్గర చూడండి: పాత శేషం 10కి 900 కలిపితే 910, అది సరిగ్గా డెబ్భై పదమూళ్లు. కాబట్టి 534001 అంటే 13 × 41077. అమలాపురానికి 61 దగ్గర చూడండి: 22కు 100 కలిపితే 122, అది రెండు అరవై ఒకట్లు. కాబట్టి 533201 అంటే 61 × 8741. కోనసీమలో ఎవరైనా 533201 కొబ్బరికాయలను సమానమైన వరుసలుగా పేర్చదలిస్తే వరుసకు 8741 చొప్పున 61 వరుసలు వేయవచ్చు. 61, 8741 రెండూ ప్రధాన సంఖ్యలు కనుక, అన్నీ ఒకే వరుసలో పరచడం తప్ప మరో పేర్పు లేదు.

తాడేపల్లిగూడేనికి ప్రతి శేషానికీ 1000 కలపాలి. 7 దగ్గర 1002, శేషం 1. 241 దగ్గర 1009, శేషం 45. 263 దగ్గర 1000, శేషం 211. ఇలా 727 వరకు ఏ ఒక్కచోటా సున్నా రాదు. 109, 389 దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండండి: శేషాలు 1, 4 మాత్రమే వస్తాయి, తొందరలో సున్నా అనుకునే ప్రమాదం ఉంది. 683 దగ్గర 678 వస్తుంది, అంటే ఐదు తక్కువై తప్పిపోయింది. 129 ప్రధాన సంఖ్యల్లో ఏదీ భాగించలేదు కనుక 534101 ప్రధాన సంఖ్య. ఇందులో ఊహ ఏమీ లేదు, ఇది పూర్తి నిరూపణ.

ఈ పరిమాణంలో ప్రధాన సంఖ్యలు ఎంత దగ్గరగా ఉంటాయో కూడా అంచనా వేయవచ్చు. సంఖ్య సహజ సంవర్గమానం ఎంతో, సుమారుగా అన్ని సంఖ్యలకు ఒక ప్రధాన సంఖ్య ఉంటుందని 1896లో అడమార్, డి లా వలే పుస్సాఁ నిరూపించిన సిద్ధాంతం చెబుతుంది. 534101కి ఆ విలువ 13.19. అంటే పదమూడింటిలో ఒకటి. 1తో ముగిసేవాటిని మాత్రమే తీసుకుంటే దాదాపు ఐదింటిలో ఒకటి. మన ఆరింటిలో ఒకటి దొరకడం ఆ అంచనాకు దగ్గరగానే ఉంది.

భాగహారాలతో ప్రధాన సంఖ్య అని తేలింది కానీ, ఆ సంఖ్య ఎలాంటిదో ఇంకా తెలియలేదు. దానికి ఘాతాల శేషాలు కావాలి. 1640లో ఫెర్మా చెప్పిన నియమం ఇది: ఒక ప్రధాన సంఖ్యను తీసుకుని, దాని గుణిజం కాని ఏ సంఖ్యనైనా ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, అదే ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. చిన్న సంఖ్య మీద అలవాటు చేసుకోండి. 91కి 2ను 90వ ఘాతానికి పెంచాలి. 2ను వర్గం చేస్తూ, ప్రతిసారీ 91తో భాగించి శేషం మాత్రం ఉంచుకుంటే 2, 4, 8, 16, 32, 64వ ఘాతాల శేషాలు వరుసగా 4, 16, 74, 16, 74, 16. 90 అంటే 64 + 16 + 8 + 2 కనుక 16, 16, 74, 4 గుణించి శేషం తీస్తే 64 వస్తుంది. 1 రాలేదు, కాబట్టి 91 ప్రధాన సంఖ్య కాదు. 7, 13 పేర్లు ఎత్తకుండానే ఈ మాట చెప్పగలిగామన్నది గమనించండి.

అయితే ఈ పరీక్షను మోసగించే సంఖ్యలున్నాయి. 561 అంటే 3 × 11 × 17, అయినా 2కు 560వ ఘాతం 561తో భాగిస్తే 1 మిగులుతుంది. అందుకని పరీక్షను కొంచెం బిగించాలి. 1976లో గ్యారీ మిల్లర్, 1980లో మైకేల్ రాబిన్ ఇచ్చిన పద్ధతి ఇదే. పరీక్షించే సంఖ్య కంటే ఒకటి తక్కువైనదానిని బేసి సంఖ్య మిగిలేదాకా 2తో భాగించి, ఆ బేసి ఘాతంతో మొదలుపెట్టి, శేషాన్ని వర్గం చేసుకుంటూ పైకి రావాలి. ప్రధాన సంఖ్య విషయంలో మొదటి శేషమే 1 కావాలి, లేకపోతే 1 వచ్చే ముందు మెట్టులో తప్పక ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ శేషం రావాలి. 561కి 35వ ఘాతం నుంచి శేషాలు 263, 166, 67, 1. ఒకటికి ముందు 560 రాకుండా 67 వచ్చింది కనుక 561 దొరికిపోయింది.

ఇప్పుడు 534101. ఒకటి తీసివేస్తే 534100, అది 4 × 133525. కాబట్టి 2కు 133525వ ఘాతపు శేషం కట్టాలి. 133525ను సగం చేస్తూ, భిన్నం వస్తే వదిలేస్తూ కిందికి రాయండి: 66762, 33381, 16690, 8345, 4172, 2086, 1043, 521, 260, 130, 65, 32, 16. ఇప్పుడు కింది నుంచి పైకి ఎక్కాలి. 16వ ఘాతం 65536. ప్రతి మెట్టులో శేషాన్ని వర్గం చేసి, పై ఘాతం బేసి అయితే రెట్టింపు చేసి, 534101తో భాగించి శేషం రాయాలి. మీ లెక్క సరిచూసుకోవడానికి పైకి వెళ్లే వరుసలో శేషాలు ఇవి: 261155, 347761, 155489, 213255, 126154, 448438, 135930, 274906, 307480, 61885, 498110, 157156, చివరకు 219788. శేషం సంఖ్యలో సగం కంటే పెద్దదైతే 534101 నుంచి తీసివేసి, మిగిలినదానిని వర్గం చేయండి. ఉదాహరణకు 498110కి బదులు 35991ని వర్గం చేసినా అదే ఫలితం వస్తుంది, అంకెలు తగ్గుతాయి, తప్పులూ తగ్గుతాయి. ఎక్కడైనా నా అంకెతో తేడా వస్తే ఆ ఒక్క మెట్టునే మళ్లీ చేయండి, మొదటికి రానక్కరలేదు.

219788ని వర్గం చేస్తే 48306764944. దానికి ఒకటి కలిపితే సరిగ్గా 534101 × 90445. అంటే శేషం 534100, ఉండవలసినదే. దానిని మళ్లీ వర్గం చేస్తే 1 వస్తుంది. పరీక్షలో ఈ సంఖ్య నెగ్గింది. ఇక్కడ ఒక ఆచరణాత్మక విషయం చెప్పాలి: 1373653 కంటే చిన్న బేసి సంఖ్య ఏదైనా 2తోనూ 3తోనూ ఈ బిగించిన పరీక్షలో నెగ్గితే అది ప్రధాన సంఖ్యేనని రుజువైంది. కాబట్టి ఏ పిన్‌కోడ్‌కైనా అన్ని భాగహారాలకు బదులు ఇలా మెట్టు మెట్టుగా ఎక్కే రెండు నిచ్చెనలు, 2తో ఒకటి, 3తో ఒకటి, చాలు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 534101ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని, అదీ ఒకే ఒక్క విధంగా రాయవచ్చని ఫెర్మా చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. ఆ రెండు వర్గాలను వెతకడానికి 730 సంఖ్యలను ఒక్కొక్కటిగా ప్రయత్నించనవసరం లేదు. మనకు దొరికిన 219788 దానికి తాళంచెవి. పదో తరగతిలో గ.సా.భా. కోసం నేర్చుకున్న యూక్లిడ్ పద్ధతిలో 534101ని 219788తో భాగించండి, శేషం 94525. 219788ని 94525తో భాగిస్తే 30738. తరువాత 2311. తరువాత 695. ఇది 730 కంటే చిన్నది, మొదటి వర్గమూలం ఇదే. ఇంకొక్క మెట్టు దిగితే 226, రెండవది అదే. 695 వర్గం 483025, 226 వర్గం 51076, కలిపితే 534101. పెద్దదానిని చిన్నదానితో, చిన్నదానిని శేషంతో భాగించుకుంటూ పోయే ఈ పరస్పర భాగహారమే ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టక పద్ధతికి కూడా ఆధారం. మొదటిసారి ఈ 695, 226 నా కాగితం మీద వాటంతట అవే దిగివచ్చినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు కూడా జవాబు చూసి వదిలేయకుండా చేత్తో చేయండి.

మిగిలిన ఊళ్లతో పోల్చి చూస్తే ఈ గుణం ఇంకా బాగా అర్థమవుతుంది. రాజమహేంద్రవరం సంఖ్యను 4తో భాగించినా 1 మిగులుతుంది, కానీ దాని కారణాంకాలు 263, 2027 రెండూ 4తో భాగిస్తే 3 మిగిల్చేవి. అందుచేత 533101ని రెండు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యం. అమలాపురం సంఖ్య దీనికి పూర్తిగా భిన్నం. 61 అంటే 6² + 5², 8741 అంటే 79² + 50². రెండు కారణాంకాలూ అలాంటివే కనుక వాటి లబ్ధాన్ని రెండు విధాలుగా రాయవచ్చు: 724² + 95², అలాగే 695² + 224². తాడేపల్లిగూడెంలో కనిపించిన 695 ఇక్కడ మళ్లీ కనిపించడం యాదృచ్ఛికమే అయినా చూడముచ్చటగా ఉంది. ఆయిలర్ దీనిని తిరగేసి వాడుకున్నాడు: ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు వేర్వేరు విధాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదని ఒక్క భాగహారం చేయకుండానే చెప్పవచ్చు.

పిన్‌కోడ్‌లు అయిపోయాక పదంకెల ఫోను నంబరు మీద ప్రయత్నించాలనిపిస్తుంది. అక్కడ హద్దు లక్ష వరకు వెళుతుంది. లక్ష లోపల ప్రధాన సంఖ్యలు 9592. చేత్తో అన్ని భాగహారాలు చేయలేము. నిచ్చెన పద్ధతిలో 2, 3, 5, 7, 11 అనే ఐదు ఆధారాలతో (అంటే ఘాతానికి పెంచే సంఖ్యలతో) పరీక్షిస్తే పదంకెల సంఖ్యకు తప్పులేని తీర్పు వస్తుంది, ఒక్కొక్క ఆధారానికి ముప్పై మూడు మెట్లు మించవు. కానీ వర్గాలు ఇరవై అంకెలకు చేరతాయి కనుక 12 అంకెల కాలిక్యులేటరు పనికిరాదు. గుణకారాన్ని రెండు ముక్కలుగా విడగొట్టాలి, లేదా కంప్యూటరు మీద పూర్ణసంఖ్యలను గుండ్రం చేయని భాషలో రాసుకోవాలి. సంఖ్య ఎంత పెద్దదైనా సరే, అదృష్టం మీద ఆధారపడకుండా, అంకెల సంఖ్యతో మితిమీరి పెరగని కాలంలో ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చే పద్ధతి ఉందని 2002లో ఐఐటీ కాన్పూరుకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. అది సిద్ధాంతంగా మహత్తరమైనది. నోటుపుస్తకం పనికి మాత్రం నిచ్చెనే సుఖం.

2కు ఏదైనా ఘాతం కట్టి ఒకటి తీసివేస్తే వచ్చే మెర్సెన్ సంఖ్యలకు ఇంకా తేలికైన నిచ్చెన ఉంది. 2024 అక్టోబరులో ప్రకటించిన, 2కు 136279841వ ఘాతం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య ఆ జాతిదే. ఘాతం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధాన సంఖ్య కానక్కరలేదు. 11వ ఘాతంతో వచ్చే 2047 అంటే 23 × 89. తేల్చడానికి 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేసి శేషం రాస్తూ, ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేయాలి. చివరి శేషం సున్నా అయితేనే అది ప్రధాన సంఖ్య. 7వ ఘాతంతో వచ్చే 127 మీద ఇప్పుడే చేసి చూడండి: 4 నుంచి 14, ఆ తరువాత 194 వచ్చి శేషం 67, ఆ తరువాత 42, ఆ తరువాత 111, ఐదోసారి 12319. అది సరిగ్గా తొంభై ఏడు 127లు, శేషం సున్నా.